అంతర్జాతీయ సంబంధాలు చదవాలనుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

అంతర్జాతీయ సంబంధాలలో డిగ్రీ చేయాలని నిశ్చయించుకున్నందుకు చాలా సంతోషం. నువ్వు పంపిన కళాశాలల జాబితా శ్రద్ధగా చదివాను. అందులో చాలా పేర్లు ర్యాంకుల పట్టికల నుంచి ఏరినవే. ఆ ర్యాంకులలో పరిశోధనకు, పేరుప్రతిష్ఠలకు పెద్దపీట ఉంటుంది. పైగా ఈ రంగంలో గొప్పగా చెప్పుకొనే సంస్థలు కొన్ని, అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయపు ఫ్లెచర్ లాంటివి, పీజీ విద్యార్థుల కోసం ఏర్పడ్డవి. విశ్వవిద్యాలయానికి పేరుంది కదా అని డిగ్రీలో చేరితే ఆ ప్రసిద్ధ ఆచార్యులే నీకు పాఠం చెబుతారన్న భరోసా ఏమీ లేదు. మొదటి సంవత్సరం తరగతులు ఎవరు తీసుకుంటారో, ఒక్కో తరగతిలో ఎంతమంది కూర్చుంటారో కళాశాలకే రాసి అడుగు. సూటిగా జవాబివ్వని చోటుకు వెళ్లవద్దు.

తర్వాత పాఠ్యక్రమం చూడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1919లో, వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో ఈ శాస్త్రానికి ప్రత్యేక ఆచార్య పీఠం ఏర్పడింది. అలాంటి యుద్ధం మళ్లీ రాకుండా చూడడమెలా అన్నదే అప్పటివారి తపన. ఆ ప్రశ్నకు రాజనీతి సిద్ధాంతాలు ఒక్కటే చాలవు. చరిత్ర, అంతర్జాతీయ న్యాయం, ముఖ్యంగా ఆర్థికశాస్త్రం కావాలి. మారకపు రేటు అంటే ఏమిటో తెలియనివారికి ఆంక్షలు ఒక దేశాన్ని కుంగదీసి మరో దేశాన్ని ఎందుకు కదిలించలేకపోయాయో బోధపడదు. ఆర్థికశాస్త్రం, గణాంకాలు ఐచ్ఛికంగా కాక తప్పనిసరిగా ఉన్న కోర్సు కాస్త కష్టమే అయినా దాన్నే ఎంచుకో.

అన్నిటికన్నా నేను పట్టుబట్టేది భాష. ప్రవేశ పుస్తకాలలో పది భాషలు కనిపిస్తాయి. కోర్సుల పట్టిక తెరిచి ఒక్క అరబిక్‌నే చివరిదాకా వెతికి చూడు. ప్రాథమికం ఒకటి, ప్రాథమికం రెండు, అక్కడితో ఆగిపోయిందా? అంటే పలకరింపులు వస్తాయి, పత్రికలో సంపాదకీయం చదవడం రాదు. మూడో ఏడాదిలోనూ ఆ భాష నిజంగా బోధిస్తున్నారో లేదో ఈ ఏటి సమయపట్టికలో చూసుకో. అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయపు విదేశీ సేవల విభాగం పట్టా ఇవ్వడానికి భాషా ప్రావీణ్యాన్ని షరతుగా పెట్టింది. పారిస్‌లోని సియాన్స్‌ పో విశ్వవిద్యాలయం డిగ్రీ విద్యార్థులను మూడో ఏడాది విదేశాలకు పంపుతుంది. నువ్వు ఎక్కడ చేరినా అంత పట్టింపు ఉండాలి.

అక్కడి సీనియర్ ఒకరిని అడిగి, దిద్దిన వ్యాసం ఒకటి చూపించమను. అంచున "ఈ మాటకు ఆధారం ఏది?", "ఎదుటి దేశం వాదన ఎక్కడ?" అని రాసి ఉంటే ఆ గురువు నీకు రాయడం నేర్పుతారు. మార్కు ఒక్కటే ఉంటే నేర్పరు. రాజధాని నగరంలో ఉంటే ఇంటర్న్‌షిప్‌లు దొరకడం సులువు, నిజమే. కానీ దానికోసం మిగతావి వదులుకోకు.

ఫీజు గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఈ రంగంలో చాలా ఉద్యోగాలకు పీజీ అడుగుతారు. ఉన్న డబ్బంతా డిగ్రీకే ఖర్చు పెట్టి, పైన అప్పు చేస్తే ఆ మెట్టు దగ్గర చేతులు ఖాళీ అవుతాయి. మీ నాన్నతో కూర్చుని రెండు చదువుల ఖర్చూ కలిపి లెక్క వేయి. ఆ లెక్కకు నిలిచిన కళాశాలల పాఠ్యక్రమాలు నాకు పంపు, ఇద్దరం కలిసి చదువుదాం.

మీ అత్తయ్య