‘దరఖాస్తును పునరాలోచించగలరు’ – ఎందుకు కొట్టేశారంటే

మీ అర్జీలో రాసిన ఈ వాక్యాన్ని ఎందుకు గీత పెట్టి కొట్టేశారని అడిగారు కదా. తప్పు క్రియలో లేదు, దాని ముందున్న ‘ను’లో ఉంది. ‘ఆలోచించు’కి మనం ‘గురించి’ గానీ ‘పై’ గానీ వాడతాం. ‘పెళ్ళిని ఆలోచించాను’ అనం కదా. ముందు ‘పునః’ చేరినా అదే పద్ధతి. చాలామంది పదాన్ని మార్చి చూస్తారు, విభక్తిని చూడరు.

1. మీ అర్జీకి: ‘నా దరఖాస్తును పునఃపరిశీలించగలరు.’ కాగితాలు మళ్ళీ తీసి చూడమని అర్థం. ఫలితం మారాలనేం లేదు.

2. ‘పునరాలోచించు’ ఉంచాలంటే: ‘బదిలీ నిర్ణయంపై పునరాలోచించగలరు.’ ఇక్కడ అడుగుతున్నది మనసు మార్చుకునే అవకాశం. ‘ఆయన పునరాలోచనలో పడ్డారు’ అన్నామంటే అప్పటికే కాస్త మెత్తబడ్డారనే.

3. ‘పునర్పరిశీలన’ అని రాయకండి. నేనూ కొన్నేళ్ళు అలాగే రాశాను. క, ఖ, ప, ఫల ముందు విసర్గ (‘ః’ గుర్తు) అలాగే నిలుస్తుంది: పునఃపరిశీలన, పునఃప్రారంభం. అచ్చు వచ్చినా, జ, వ లాంటివి వచ్చినా ‘ర్’ అవుతుంది: పునరాలోచన, పునర్జన్మ, పునర్విచారణ.

4. మీ అర్జీ రెండో పేరాలో ‘మళ్ళీ పునఃపరిశీలించి’ అని ఉంది. ‘పునః’ అంటేనే మళ్ళీ. ఆ ‘మళ్ళీ’ తీసేయండి.

ఇంట్లోవాళ్ళతో మాత్రం ఇవేవీ వద్దు. ‘ఇంకోసారి ఆలోచించు నాన్నా’ చాలు.