నాన్నగారితో టేస్టింగ్ మెనూకి వెళ్లేముందు

పలాస నుంచి అమ్మానాన్నల్ని టేస్టింగ్ మెనూకి, అంటే హోటల్ వాళ్లే ఎంచి ఒకదాని తర్వాత ఒకటి చిన్న ప్లేట్లలో వడ్డించే భోజనానికి, తీసుకెళ్తున్నారు, నాన్నగారు శాకాహారి, షుగర్ ఉంది, ఆ చిన్న చిన్న ప్లేట్లతో కడుపు నిండుతుందా అనే కదా మీ టెన్షన్? నిండుతుందండీ. కాకపోతే రెండు మూడు గంటలు కూర్చోవాలి. తిండికి ముందు వేసుకునే మాత్ర ఉంటే, మొదటి ప్లేటు ఎన్నింటికి వస్తుందో కనుక్కోండి.

కొన్నిచోట్ల హోటల్ వాళ్ల తోటలో ఆ వారం ఏది కాస్తే దాన్నిబట్టే మెనూ, మనం ఎంచుకునేది పెద్దగా ఉండదు. పడనివి రెండ్రోజుల ముందే ఫోన్ చేసి చెప్పేయండి. విజయనగరం నుంచి మా మావయ్యని తీసుకెళ్లినప్పుడు నేను చెప్పలేదు. మూడో ప్లేటులో రొయ్య! పాపం, నిమ్మబద్ద చప్పరిస్తూ కూర్చున్నారు. తర్వాత అరచేతిలో పట్టేంత గిన్నెలో రాగి అంబలి, పైన ఉల్లిముక్కలు. "దీనికా ఇంత డబ్బు" అంటూనే గిన్నె ఖాళీ చేశారు.

డ్రింక్స్‌కి మాత్రం మామూలుగా బిల్లు వేరేగా వేస్తారు, వద్దంటే ముందే చెప్పండి.