ఈత దుస్తులు సర్దుకున్న శ్రావణికి

చి. సౌ. శ్రావణికి పెద్దమ్మ దీవెనలు.

నువ్వూ అల్లుడుగారూ బాబును తీసుకుని అమెరికాలో వేడినీటి బుగ్గలకు పేరుపడిన యెల్లోస్టోన్ పార్కుకు వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. అంత దూరం నువ్వే కారు నడుపుతావని విని పొంగిపోయాను. ఈత దుస్తులు కూడా సర్దావని విన్నాక మాత్రం గుండె జారింది.

బదరీనాథ్ తప్తకుండంలో మునిగాకే దర్శనానికి వెళ్ళే ఇంట్లో పుట్టావు కనుక, వేడినీటి బుగ్గ అనగానే నీకు స్నానం గుర్తుకు రావడం సహజమే. కానీ యెల్లోస్టోన్ బుగ్గల్లో దిగడం నేరం, పైగా ప్రాణాంతకం. 2,200 మీటర్లకు పైబడిన ఆ ఎత్తులో నీరు 93 డిగ్రీలకే మరుగుతుంది, చాలా గుంటలు ఆ వేడికి దగ్గరగానే ఉంటాయి. వాటిలో పడి ఇంతవరకు ఇరవై మందికి పైగా మరణించారు.

అక్కడి గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే వేడినీటి గుంట దగ్గర మీ పెదనాన్నగారి టోపీ గాలికి ఎగిరిపోయిన సంగతి మీ అమ్మ నవ్వుతూ చెబుతుంది కానీ, నాకు ఇప్పటికీ నవ్వు రాదు. టోపీ రెండడుగుల దూరంలోనే, ఎండి తెల్లగా గట్టిగా కనిపించే నేల మీద పడింది. ఆయన చెక్కబాట మీంచి ఒక కాలు కిందికి దించేశారు. నేను చొక్కా పట్టుకుని వెనక్కి లాగితే, అందరిముందూ పరువు తీశానని రాత్రి భోజనాల వరకూ మాట్లాడలేదు. వేడినీరు పైకి తెచ్చిన సిలికా అనే ఖనిజం పేరుకుని ఏర్పడిన ఆ నేల, కొన్నిచోట్ల కాగే పాల మీది మీగడంత పలుచన. కింద సలసల మరిగే నీరుంటుందని ఆయనకు తెలియక కాదు, చేతికందే వస్తువును వదులుకోలేకపోయారు. 1981లో ఒక యువకుడు గుంటలో పడిన కుక్కను కాపాడబోయి, మరిగేంత వేడి నీటిలోకి తలకిందులుగా దూకి మరణించాడు. కాబట్టి ఫోను పడినా, బాబు బొమ్మ పడినా వదిలెయ్యి. వాడు ఏడిస్తే ఏడవనీ. వాడి వేలు కాదు, మణికట్టు పట్టుకుని నడిపించు.

గోదావరి వంతెన మీద అలవాటైన చెయ్యి కదా, నాణేలు కూడా వెయ్యవద్దు. ఒకప్పుడు నీలంగా ఉండే మార్నింగ్ గ్లోరీ గుంటలో జనం వేసిన నాణేలూ చెత్తా అడుగున దారులు పూడ్చేసి నీటి వేడి తగ్గడంతో, అంచున ఉండే పసుపు, నారింజ రంగుల సూక్ష్మజీవులు లోపలికి పాకాయి.

మామత్ అనే చోట ఉన్న రాతి మెట్లకు మాత్రం ఒక పూట పూర్తిగా కేటాయించు. భూగర్భంలో సున్నపురాయిని కరిగించుకుని వచ్చే నీరు, పైకి రాగానే వాయువును వదిలేసి, ఆ సున్నాన్ని పొరలు పొరలుగా పేర్చుకుంటూ పోతుంది. నీరు దారి మార్చుకున్నప్పుడల్లా రంగుల మెట్లు తెల్లగా ఎండిపోతాయి, మరోచోట కొత్తవి పుడతాయి. అందుచేత మా పాత ఫోటోలతో పోల్చుకుని నిరాశపడకు.

స్వెట్టర్లు మరచిపోకు, వేసవిలోనూ తెల్లవారుజామున చలి వణికిస్తుంది. ఈత దుస్తులు తీసెయ్యనక్కరలేదులే. ఉత్తర ద్వారం దాటి మోంటానా రాష్ట్రంలోకి వెళ్తే చికో అనే చోట మనుషులు దిగదగిన వేడినీటి కొలనులున్నాయి, చివరి రోజు అక్కడ బాబును తనివితీరా ఆడనివ్వు. పార్కులో చాలాచోట్ల ఫోను పలకదు కనుక, బయటికి రాగానే ముందు నాకు చెయ్యి, తరువాతే మీ అమ్మకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ