మోటారు నీకు తెలుసు, బ్యాటరీ సంగతేంది తమ్ముడూ?

ప్రశ్న: అన్నా, మాది బుక్కరాయసముద్రం. అనంతపురంలో ఒక మోటారు వైండింగ్ షాపులో పనిచేస్తాను. ఎండాకాలం నెలకు 24 వేల దాకా వస్తుంది, మిగతా నెలల్లో 16 వేలు. బ్యాంకులో 38 వేలు ఉన్నాయి. నెలకు 2 వేల చీటీ కడుతున్నా, 50 వేల చీటీ, 9 నెలలు అయిపోయాయి. మా బావమరిది బెంగళూరులో ఉంటాడు, వాడి స్నేహితుడి దగ్గర ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ ఉంది. 2022 ఆగస్టులో కొన్నదట. ఏడు నెలలుగా స్టార్ట్ కావట్లేదని పార్కింగ్‌లోనే వదిలేశాడు. 22 వేలకు ఇస్తానంటున్నాడు. తెలిసిన మెకానిక్ ఫోటో చూసి 15 వేలలో రెడీ అవుతుందన్నాడు. ఇప్పుడు మా నాయన బైకు (2013ది) మీద షాపుకు పోయొస్తున్నా, రానుపోను 16 కిలోమీటర్లు. లీటరుకు 50 ఇస్తుంది కానీ పొగ కొడుతోంది, ఇంజన్ పనికి 6,500 అవుతుందన్నారు. అదే బైకు మీద నార్పల, గార్లదిన్నె వైపు మోటార్లు చూడ్డానికి కూడా పోతుంటా. నాకు మోటారు పని వచ్చు కాబట్టి స్కూటర్ తీసుకుని బాగు చేసుకుంటే పెట్రోల్ ఖర్చు తప్పుతుందని నా ఆలోచన. డబ్బు తక్కువైతే చీటీ పాడేస్తా, ఇప్పుడు పాడితే చేతికి 41 వేలు వస్తాయి. మా ఆవిడ వద్దంటోంది. సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే కొత్త బ్యాటరీ 48 వేలన్నారు. అదే మోడల్, అదే ఏడాది, నడిచే బండి బెంగళూరులో 55 వేలు పలుకుతోంది. బండి ఫోటోలు నాలుగు పంపుతున్నా. ఏం చేయమంటావు?

జవాబు: తమ్ముడూ, ఈ ఒక్క విషయంలో మీ ఆవిడ మాట విను. 22 వేలకైతే వద్దు. అయితే మరీ ఎప్పటికీ వద్దు అని కూడా అనను, ఎంతకైతే కొనొచ్చో కింద చెప్తా, ఆ ధరకు వాళ్లిస్తారన్న నమ్మకం మాత్రం నాకు లేదు.

ముందు నీ ధైర్యం గురించి మాట్లాడుకుందాం. బోరు మోటారు కాలిపోతే విప్పి, తీగ చుట్టి, వార్నిష్ పోసి మళ్లీ తిప్పేవాడివి కాబట్టి నాకు తెలిసిన పనే కదా అనుకుంటున్నావు. కానీ ఈ స్కూటర్లలో అన్నిటికంటే తక్కువగా చెడిపోయేదే మోటారు. లోపల బ్రష్‌లు ఉండవు, అరిగేదంటూ ఉంటే బేరింగులే, మహా అయితే హాల్ సెన్సర్ (మోటారు ఎక్కడ తిరుగుతోందో కనిపెట్టే చిన్న ముక్క) పోతుంది, అది నువ్వే మార్చుకోగలవు. పోయేవన్నీ వేరే: బ్యాటరీ, దాని లోపల ఉండి దాన్ని కాపాడే బీఎంఎస్ బోర్డు, మోటారుకు కరెంటు కొలిచి ఇచ్చే కంట్రోలర్, చార్జర్, ఎక్కువ వోల్టేజీని లైట్లకూ హారన్‌కూ 12 వోల్టులకు దించే కన్వర్టర్. అంటే నీ చేతికి వచ్చిన పని ఆ బండిలో అవసరమే పడకపోవచ్చు.

మెకానిక్ ఫోటో చూసి 15 వేలు అన్నాడంటే, అది అంచనా కాదు, మర్యాద. ఫోటోలో పెయింట్ కనపడుతుంది, బ్యాటరీ లోపలి సెల్స్ వోల్టేజ్ కనపడదు.

స్టార్ట్ కాని ఎలక్ట్రిక్ బండికి కారణం చాలా చిన్నది కావచ్చు, అది నిజమే. సైడ్ స్టాండ్ స్విచ్ చెడిపోయి ఉండొచ్చు, బ్రేక్ లివర్ దగ్గరి కటాఫ్ స్విచ్ ఇరుక్కుని ఉండొచ్చు, ఎంసీబీ పడి ఉండొచ్చు, కొన్ని బండ్లలో చిన్న 12 వోల్టుల బ్యాటరీ విడిగా ఉంటుంది, అది చచ్చినా బండి మొత్తం చచ్చినట్టే ఉంటుంది. వీటిలో ఏదైనా వందల్లోనో, ఒకటి రెండు వేలల్లోనో తేలిపోతుంది. కానీ ఒక్కసారి అమ్మేవాడి వైపు నుంచి చూడు. అదే మోడల్, అదే ఏడాది, నడిచే బండి బెంగళూరులో 55 వేలు పలుకుతోందని నువ్వే ఉత్తరంలో చివర రాశావు. రెండు వేలు పెట్టి స్విచ్ మార్పిస్తే 55 వేలకు పోయే బండిని బెంగళూరులో ఇన్ని సర్వీస్ సెంటర్లు పెట్టుకుని 22 వేలకు ఎవడైనా ఎందుకు వదులుకుంటాడు? వాడు చూపించే ఉంటాడు, కోట్ విని గుండె జారే ఉంటుంది. ఆ కోట్ కాగితం వాట్సాప్‌లో పంపమని బావమరిదిని అడుగు. చూపించలేదు అంటే ఇక ఆ బేరంలో నమ్మడానికి ఏం మిగల్లేదు.

కాబట్టి చెడిపోయిన ఎలక్ట్రిక్ బండిని కొనేటప్పుడు బ్యాటరీ చచ్చిపోయిందనే లెక్క మొదలుపెట్టాలి. బతికుంటే అదృష్టం. నీ బండి విషయంలో అది చచ్చే ఉంటుందనడానికి పెద్ద కారణం ఆ ఏడు నెలలు. లిథియం బ్యాటరీని వాడకుండా ఊరికే పెట్టినా లోపలి బీఎంఎస్ కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటుంది. నెలల తరబడి చార్జింగ్ పెట్టకపోతే సెల్స్ వోల్టేజ్ ఉండాల్సిన కనీసం కంటే కిందికి, రెండున్నర వోల్టుల కిందికి కూడా దిగిపోతుంది. అక్కడి నుంచి ఇంకా బాగా దిగితే లోపల ఉన్న రాగి రేకు కరగడం మొదలవుతుంది, మళ్లీ చార్జింగ్ పెట్టినప్పుడు ఆ రాగి ఎక్కడబడితే అక్కడ పేరుకుని లోపల్లోపలే షార్ట్ అవ్వొచ్చు. అందుకే మంచి బీఎంఎస్ అలా పడిపోయిన ప్యాక్‌ను చార్జ్ కానివ్వదు. మనవాళ్లు కొందరు దాన్ని బైపాస్ చేసి, వేరే చార్జర్‌తో నేరుగా "లేపుతారు". లేస్తుంది కూడా, ఓ వారం బాగానే తిరుగుతుంది. ఆ పని మాత్రం నువ్వు చేయొద్దు, చేతిలో మల్టీమీటర్ ఉంది కదాని అసలు చేయొద్దు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయిన వార్త నీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది దేశంలో చాలా చోట్ల అట్లాంటివి జరిగాకే ఏఐఎస్ 156 అనే బ్యాటరీ భద్రత నిబంధనలను గట్టిపరిచి, 2022 డిసెంబరు నుంచి ఒక దఫా, 2023 మార్చి 31 నుంచి రెండో దఫా అమల్లో పెట్టారు. నీ బండి 2022 ఆగస్టుది, అంటే అంతకు ముందుది.

నేనూ ఈ గోతిలో ఒకసారి పడ్డవాణ్ణే. లెడ్ యాసిడ్ బ్యాటరీల పాత స్కూటర్ ఒకటి 9 వేలకే వస్తోందని తెచ్చాను. నాలుగు బ్యాటరీలు మార్చాను, నెల తిరక్కముందే కంట్రోలర్ పోయింది, అది మారిస్తే చార్జర్ పోయింది, ఆఖరుకు బ్యాటరీల సీసం తూకానికి వేస్తే వచ్చిన డబ్బే ఆ బండి నాకు తిరిగిచ్చింది. మా ఇంట్లో ఇప్పటికీ ఏదైనా పాతది కొందామంటే "ఇంకో స్కూటరా?" అంటారు.

ఇక లెక్క. సర్వీస్ సెంటర్‌లో ఫోన్ చేసి కనుక్కుంటే కొత్త బ్యాటరీ 48 వేలు అన్నారని నువ్వే రాశావు, రాసి కూడా దాన్ని పక్కన పెట్టి మెకానిక్ చెప్పిన 15 వేలనే నమ్ముతున్నావు. బండికి 22, బ్యాటరీకి 48, అక్కడి నుంచి అనంతపురం తెచ్చుకోవడానికి ఓ రెండున్నర, కాగితాలకు ఓ మూడున్నర. 76 వేలు. నడిచే బండే 55 వేలకు దొరుకుతుంటే చెడిపోయినదానికి 76 వేలు. సరే, నీ తరఫున కూడా ఒక మాట: అలా బాగుచేసిన బండిలో బ్యాటరీ కొత్తది, ఆ 55 వేల బండిలో పాతది, కాబట్టి నీ బండి విలువ 70 వేలు అనుకుందాం. 70లోంచి బ్యాటరీ 48, రవాణా కాగితాలు 6 తీసేస్తే 16 మిగిలింది. బ్యాటరీ వేశాక కంట్రోలరో చార్జరో కూడా పోయిందని తెలిస్తే ఎట్లా, దానికి ఓ 6 వేలు. మిగిలింది 10 వేలు. అదే నీ గరిష్ఠ ధర. అంతకు మించి ఒక్క రూపాయి పెట్టినా నువ్వు బండి కొనట్లేదు, లాటరీ టికెట్ కొంటున్నావు.

బయట కట్టించిన బ్యాటరీ సగం ధరకే వస్తుందని ఎవరో ఒకరు చెప్తారు. పాత రకం మామూలు బండ్లకైతే పనిచేస్తుంది. ఇప్పటి కంపెనీ స్కూటర్లు చాలావాటిలో బ్యాటరీ, కంట్రోలర్ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, వేరే ప్యాక్ పెడితే గుర్తుపట్టక బండి కదలదు. డబ్బు కట్టే ముందు నీ మోడల్‌కు బయటి ప్యాక్ పెట్టి నడుపుతున్న మనిషిని ఒక్కణ్ణి కళ్లారా చూడు.

పెట్రోల్ మిగులు సంగతి చూద్దాం, నీ ఆశంతా దానిమీదే కదా. ఇంటి నుంచి షాపుకు రానుపోను 16 కిలోమీటర్లు, నెలకు 26 రోజులంటే 416. మీ నాయన బండి 50 ఇస్తుందన్నావు, లీటరు 110 వేసుకుంటే నెలకు 915 రూపాయలు. ఎలక్ట్రిక్ బండికి కిలోమీటరుకు 30 వాట్ అవర్ చొప్పున, చార్జింగ్‌లో పోయేది కూడా కలిపి నెలకు 15 యూనిట్లు, యూనిట్ 6 రూపాయలైతే 90. నెలకు మిగిలేది 825. 76 వేలు తిరిగి రావాలంటే 92 నెలలు, ఏడున్నరేళ్ల పైమాట. అప్పటికి నువ్వు వేసిన కొత్త బ్యాటరీ కూడా ముసలిదై ఉంటుంది, అనంతపురం ఎండలు బ్యాటరీకి చుట్టాలేం కాదు. మెకానిక్ చెప్పిన 15 వేలే నిజమనుకున్నా 43 వేలకు 52 నెలలు, నాలుగేళ్ల నాలుగు నెలలు.

ఇంకొకటి, నువ్వు మాటవరసకు రాసిన ముక్కే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనపడింది. నార్పల, గార్లదిన్నె వైపు పల్లెలకు మోటార్లు చూడ్డానికి పోతానన్నావు. పాత స్కూటర్ మీద సాయంత్రం పొలం గట్టున చార్జింగ్ ఎంతుందో చూసుకుంటూ పని చేస్తావా? చేయలేవు, పెట్రోల్ బండి ఉంచుకోవాల్సిందే. అప్పుడు రెండు బండ్లు, రెండు ఇన్సూరెన్సులు, రెండు బండ్ల టైర్లు. 825 మిగులు అక్కడే కరుగుతుంది.

చీటీ మాత్రం ముట్టుకోకు. ఇప్పుడు పాడితే చేతికి 41 వేలు వస్తాయన్నావు, అంటే 9 వేలు పాటలోనే పోతాయి, ఆ తర్వాత 16 నెలలు 2 వేల చొప్పున కట్టాల్సిందే. వానలు పడి షాపులో పని తగ్గిన నెలల్లో 16 వేల జీతంలోంచి కట్టడం ఎంత కష్టమో నాకంటే నీకే బాగా తెలుసు. ఇక బ్యాంకులో 38 వేలు అన్నది నీ ఆదాయానికి ఓ రెండు నెలల ఖర్చు. అది బండి డబ్బు కాదు, ఆసుపత్రి డబ్బు, పని లేని నెల డబ్బు.

కాగితాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే బండి పక్క రాష్ట్రానిది. అది గ్రీన్ నంబర్ ప్లేట్ ఉన్న రిజిస్టర్డ్ బండి, 25 కిలోమీటర్ల వేగం దాటని, 250 వాట్ల లోపు చిన్న బండి కాదు, కాబట్టి అన్నీ కావాలి. కర్ణాటక ఆర్టీవో నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం), బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద అమ్మేవాడి సంతకాలు, లోన్ మీద కొన్నదైతే ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ, అప్పు తీరిందని చెప్పే ఫారం 35. ఆర్సీ వివరాలు పరివాహన్ సైట్‌లో చూస్తే హైపోథికేషన్, అంటే బండి మీద లోన్ తాకట్టు, ఉందో లేదో తెలుస్తుంది, నంబర్ పంపించుకుని ఈ రాత్రికే చూడు. కొత్తలో తీసుకున్న ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఇంకా ఉండొచ్చు, కానీ బండి కొన్న 14 రోజుల్లోపు దాన్ని నీ పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టుకోవాలి. "మనోళ్లే కదా, తర్వాత మార్చుకుందాంలే" అని బావమరిది అంటాడు, అప్పుడే గట్టిగా ఉండాలి.

ఏం చేయాలంటావా? 6,500 పెట్టి నాయన బండి ఇంజన్ పని చేయించు. 2013 బండి కాబట్టి ఆర్సీ 2028 దాకా ఉంటుంది, నీకు కావాల్సినంత కాలం. ఆ డబ్బు బ్యాంకులోంచి తీసినా ఎండాకాలం వచ్చే ఎక్కువ జీతంలోంచి ఒకటి రెండు నెలల్లో పూడ్చేయొచ్చు. చీటీ చివరిదాకా కట్టి, పాటలో పెద్దగా పోగొట్టుకోకుండా ఎత్తుకో. అప్పుడు నడుస్తున్న ఎలక్ట్రిక్ బండినే, పూర్తి చార్జింగ్‌తో బుక్కరాయసముద్రం నుంచి అనంతపురం రెండుసార్లు తిప్పి చూసి, ఎంత దిగిందో రాసుకుని కొనుక్కో.

ఎలక్ట్రిక్ రిపేరు నేర్చుకోవాలన్న కోరిక ఉంటే అది వేరే మాట, నాకు నచ్చిన మాట కూడా, ఎందుకంటే బోరు మోటార్లతో పాటు ఇవీ వచ్చినవాడికి మన ఊళ్లో పని ఉంటుంది. కానీ దానికి బండి సొంతంగా కొనక్కర్లేదు, ఆదివారం ఎవరి షాపులోనైనా కూర్చుని వాళ్ల బండ్ల మీద నేర్చుకో, తప్పు చేసినా వాళ్లు సరిదిద్దుతారు.

బావమరిదికి మొహమాటం లేకుండా చెప్పు: బ్యాటరీ కోట్ పంపించు, 10 వేలైతే చూస్తా, లేకపోతే వద్దు. అన్నట్టు, నువ్వు పంపిన నాలుగు ఫోటోల్లో ఎక్కడా చార్జర్ కనపడలేదు. అది ఉందో లేదో కూడా అడుగు, కొత్తది కొనాలంటే వేలల్లో ఉంటుంది, చార్జర్ లేదని వాళ్లు చెప్తే నీ 10 వేలలోంచి ఆ ధర కూడా తగ్గించు.