లండన్ స్కౌట్ నాణేనికి అబిడ్స్‌లో ఎంత వస్తుంది?

మీ బాబాయిగారు లండన్ నుంచి తెచ్చిన ఏడు పలకల 50 పెన్స్ స్కౌట్ నాణెం అరుదైనదా, అబిడ్స్‌లో అమ్మితే బాగా వస్తుందా అని అడిగారు. పెద్దగా ఆశ పెట్టుకోకండి. 1907లో స్కౌట్ ఉద్యమ స్థాపకుడు బేడెన్ పావెల్ బ్రౌన్సీ దీవిలో పెట్టిన తొలి స్కౌట్ క్యాంపుకు నూరేళ్లు నిండాయని 2007లో బ్రిటన్ దీన్ని తెచ్చింది. చలామణిలోకే 77 లక్షలకు పైగా వదిలారు. ఇక అరుదెక్కడిది? స్కౌట్ల లిల్లీ పువ్వు గుర్తు, ‘బీ ప్రిపేర్డ్’ నినాదం మాత్రం చూడముచ్చటగా ఉంటాయి. మన చర్లపల్లి మింట్ నాణేల మీదుండే నక్షత్రం కోసం వెతక్కండి, ఇది వేల్స్‌లో తయారైంది. లోహం రాగి, నికెల్. సేకరించేవాళ్ల కోసం ప్రత్యేకంగా ముద్రించిన వెండి ‘ప్రూఫ్’ నాణేలు వేరే ఉన్నాయి, వాటి ధర వేరు. అన్నట్టు, మెరుస్తుందని చింతపండుతో తోమారో, ఉన్న ఆ కాస్త విలువా పోతుంది.