బూట్‌లోడర్ ఎస్‌డిఏలోనా, ఎస్‌డిఏ5లోనా?

విండోస్ ఉన్న డిస్క్‌లోనే లినక్స్ వేస్తుంటే బూట్‌లోడర్‌కి (కంప్యూటర్ ఆన్ కాగానే సిస్టమ్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్) ఎస్‌డిఏ, అంటే మొత్తం డిస్క్ ఎంచుకోవాలా, ఎస్‌డిఏ5, అంటే అందులోని ఒక పార్టిషన్ ఎంచుకోవాలా అన్నది మీ ప్రశ్న. ముందు లైవ్ యుఎస్‌బీలో టెర్మినల్ తెరిచి /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్ఐ ఫోల్డర్ ఉందేమో చూడండి. ఉంటే పెన్‌డ్రైవ్ లేచింది యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో, లేకపోతే పాత బయోస్ పద్ధతిలో (దీన్నే లెగసీ అంటారు). బూట్ కావట్లేదన్న గొడవలు చాలామటుకు ఇక్కడివే: విండోస్ యూఈఎఫ్ఐలో ఉంటుంది, పెన్‌డ్రైవ్ లెగసీలో లేస్తుంది. విండోస్ ఏ మోడ్‌లో ఉంటే పెన్‌డ్రైవ్‌నీ ఆ మోడ్‌లోనే లేపండి.

బయోస్ అయితే కళ్లు మూసుకుని ఎస్‌డిఏ. బయోస్ చదివేది మొదటి సెక్టర్ ఒక్కటే. ఆ 512 బైట్లలో కోడ్‌కి దక్కేది 446. లినక్స్ బూట్‌లోడర్ గ్రబ్ అందులో పట్టదు కనుక మిగతాది మొదటి పార్టిషన్‌కి ముందున్న ఖాళీలో పెట్టుకుంటుంది. ఇప్పటి టూల్స్ పార్టిషన్‌ని 2048వ సెక్టర్ దగ్గర మొదలుపెడతాయి, కాబట్టి దాదాపు 1 ఎంబీ దొరుకుతుంది. ఎస్‌డిఏ5 ఎంచుకుంటే ఆ ఖాళీ వాడుకునే వీల్లేదు. అప్పుడు గ్రబ్ తన ఫైలు ఏయే సెక్టర్లలో ఉందో నంబర్లు రాసిపెట్టుకుంటుంది. దీన్నే బ్లాక్‌లిస్ట్ అంటారు. ఇది నమ్మదగ్గది కాదని గ్రబే హెచ్చరిస్తుంది, బలవంతపెడితే గానీ రాయదు. ఇవాళ బూట్ అవుతుంది. రేపు ఏ అప్‌డేటో, ఫైల్‌సిస్టమ్ రిపేరో ఆ ఫైల్‌ని వేరే బ్లాకులకి జరిపిందంటే, గ్రబ్ పాత చోటికే వెళ్లి అక్కడున్న చెత్తని కోడ్ అనుకుని నడపబోతుంది. స్క్రీన్ మీద 'గ్రబ్' అని పడి అక్కడే ఆగిపోతుంది. ఆ పార్టిషన్ ఫైల్‌సిస్టమ్ ఎక్స్‌ఎఫ్ఎస్ అయితే ఇంకా ఘోరం. ఈఎక్స్‌టీ4 అనే ఫైల్‌సిస్టమ్ మొదటి 1024 బైట్లు వదిలేస్తుంది, ఎక్స్‌ఎఫ్ఎస్ సూపర్‌బ్లాక్ (ఫైల్‌సిస్టమ్ ముఖ్య వివరాలుండే బ్లాక్) మాత్రం సున్నా సెక్టర్‌లోనే ఉంటుంది. దాని మీద బూట్ కోడ్ రాస్తే ఫైల్‌సిస్టమే పోతుంది.

బయోస్ మీద జీపీటీ (కొత్త రకం పార్టిషన్ పట్టిక) డిస్క్ అయితే ఆ ఖాళీని గ్రబ్ వాడుకోదు. ఫార్మాట్ చేయని 1 ఎంబీ పార్టిషన్ పెట్టి, జీడిస్క్ అనే పార్టిషన్ టూల్‌లో దానికి ఈఎఫ్02 టైప్ ఇవ్వండి.

యూఈఎఫ్ఐ అయితే చూడాల్సింది ఈఎస్‌పీ, అంటే బూట్‌లోడర్లు ఉండే ఫ్యాట్32 చిన్న పార్టిషన్. విండోస్ చేసిందే చాలు. /బూట్/ఈఎఫ్ఐ దగ్గర మౌంట్ చేసి, ఫార్మాట్ టిక్ తీసేయండి, లేదంటే విండోస్ బూట్‌లోడర్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. 100 ఎంబీ గ్రబ్‌కి సరిపోతుంది. దాన్నే /బూట్‌గా మౌంట్ చేస్తే మాత్రం కెర్నల్, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో వాడే ఫైళ్ల మూట) కూడా అందులోకే వచ్చి ఒకటి రెండు అప్‌డేట్లకే నిండిపోతుంది.

విడిగా /బూట్ పార్టిషన్ తప్పనిసరి అని ఇప్పటికీ రాస్తున్నవాళ్లని చూస్తే చిరాకేస్తుంది. బయోస్ డిస్క్‌లో మొదటి 1024 సిలిండర్లు దాటి చదవలేని రోజుల సలహా అది. రూట్ (/) పార్టిషన్‌ని ఎన్‌క్రిప్ట్ చేస్తేనో, గ్రబ్ చదవలేని ఫైల్‌సిస్టమ్ వాడితేనో /బూట్‌కి 1 జీబీ ఇవ్వండి, లేకపోతే అక్కర్లేదు.

రెండు డిస్కులుంటే కొన్ని ఇన్‌స్టాలర్లు మీరేది ఎంచుకున్నా మొదట కనబడిన ఈఎస్‌పీలోనే రాసేస్తాయి. పని అయ్యేదాకా లినక్స్ వేయని డిస్క్ కేబుల్ పీకేయడమే మేలు. తర్వాత ఈఎఫ్ఐబూట్‌ఎమ్‌జీఆర్ కమాండ్‌ని -వి తో నడిపితే ఏ బూట్ ఎంట్రీ ఏ పార్టిషన్‌ని చూపుతోందో దాని పార్ట్‌యూయూఐడీతో (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) సహా కనబడుతుంది.