రెండు రకాల గాజు ముక్కలను కలిపి కరిగిస్తే తర్వాత ఎందుకు పగులుతాయి?

చల్లారేటప్పుడు ఒక గాజు ఎక్కువగా, ఇంకొకటి తక్కువగా ముడుచుకోవడం వల్లే పగులుతాయి. కొలిమిలో ఎంత చక్కగా అతుక్కున్నా ఆ తేడా పోదు.

సుమారు 500 డిగ్రీల సెల్సియస్ పైన గాజు ఇంకా సాగుతుంది కాబట్టి సర్దుకుంటుంది. అంతకన్నా చల్లబడితే గట్టిపడి, డిగ్రీ డిగ్రీకీ కుదించుకుంటూ పోతుంది. కళాకారులు కొనే గాజు మీద 90, 96 అని ఉండేది ఈ కొలతే: డిగ్రీకి పొడవులో కోటో వంతులు ఎన్ని తగ్గుతాయో చెప్పే అంకె. ప్రయోగశాల సామాను చేసే బోరోసిలికేట్‌కు అది 33 మాత్రమే.

30 సెంటీమీటర్ల 96 రకం పళ్లెంలో ఆ కొస నుంచి ఈ కొస దాకా 90 రకం పట్టీ అతికించారనుకోండి. గది ఉష్ణోగ్రతకు వచ్చేసరికి రెండింటి మధ్య తేడా దాదాపు 0.09 మిల్లీమీటర్లు. వినడానికి చాలా చిన్నది, కానీ గట్టిపడిన గాజు సాగదు. ఆ లాగుడంతా అతుకు దగ్గరే నిలిచిపోతుంది. పగులు కొలిమిలోనే రావచ్చు, కొన్ని వారాల తర్వాతా రావచ్చు.

ఇంకా నిదానంగా చల్లారిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. నిదానంగా చల్లార్చడం వల్ల పోయేది లోపలా బయటా ఒకేలా చల్లారకపోవడంతో వచ్చే ఒత్తిడి. గాజుల స్వభావంలోని తేడా కాదు. అంకె ఒకటే అయినా నమ్మకండి, మెత్తబడే తీరు కూడా కలవాలి. ముందు చిన్న ముక్కలు కరిగించి, ఒకదానికొకటి అడ్డంగా తిప్పి పెట్టిన రెండు పోలరైజింగ్ ఫిల్ముల (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే పలచని రేకుల) మధ్య చూడండి. ముక్క చుట్టూ వెలుగు అంచు కనిపిస్తే ఆ జత వాడకండి.